తూనీగ పిల్ల కాదు, ఎదిగిన తూనీగే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము ముడసర్లోవ రిజర్వాయరుకు దగ్గరలో ఉంటాము. వర్షాలు మొదలైన తరువాత నీటి అంచున, తుంగ మొలిచిన చోట, అంగుళం పొడవైనా లేని సన్నటి తూనీగలు కనిపిస్తున్నాయి. కొన్నింటికి రొమ్ము ఆకుపచ్చగా, తోక చివర ఇటుక రంగులో ఉంది. కొన్ని ఒళ్లంతా ఎర్రగా ఉన్నాయి. మరికొన్నింటిలో ఎరుపన్నదే లేదు. ఆకుపచ్చ, నలుపు మాత్రమే ఉన్నాయి. ఇవి మూడు వేర్వేరు జాతులా, లేక పెద్ద తూనీగల పిల్లలా? మూడింటి ఫోటోలూ పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఆరిలోవ, విశాఖపట్నం

జవాబు: మీ రెండో సందేహం తీరితే మొదటిది సులువవుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఇవి పిల్లలు కావు. తూనీగ బాల్యమంతా నీటిలోనే గడుస్తుంది. ఆ దశలో అది ఎగరలేదు. నాచు మధ్య పాకుతూ, తనకంటే చిన్న నీటి పురుగులను పట్టి తింటూ, పలుమార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది. చివరకు ఏ తుంగ కాడ మీదికో గడ్డిపరక మీదికో ఎక్కి, ఆఖరి కుబుసం విడిచి రెక్కలతో బయటపడుతుంది. ఆ తరువాత అది ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. మీరు చూసిన అంగుళంలోపు తూనీగ తన పూర్తి పరిమాణంలోనే ఉందన్నమాట. మన దేశంలో నమోదైన సుమారు 500 తూనీగ జాతులలో అతి చిన్నవాటిలో ఇదీ ఒకటి.

మీరు పంపిన మూడు ఫోటోలలో ఉన్నది ఒకే జాతి అని నా అభిప్రాయం. దాని శాస్త్రీయ నామం ఆగ్రియోక్నెమిస్ పిగ్మియా. ఇంగ్లీషులో పిగ్మీ డార్ట్‌లెట్ అంటారు. ఇక్కడ పిగ్మీ తూనీగ అని పిలుచుకుందాం. ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు రాంబుర్ 1842లో దీనిని మొదటిసారి వర్ణించాడు. భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా, చైనా, జపాన్ మీదుగా ఆస్ట్రేలియా వరకు ఇది కనిపిస్తుంది. ఇంత విస్తారంగా వ్యాపించిన పురుగే అయినా, మోకాలి ఎత్తు దాటకుండా గడ్డిలోనే తిరుగుతుంది కనుక చెరువు గట్టున నడిచేవారిలో చాలామంది దీనిని చూడకుండానే పోతారు. మీరు గమనించడమే కాక మూడు రూపాలనూ విడదీసి చూశారు. ఇది అందరూ చేసే పని కాదు.

మొదటి ఫోటోలో ఉన్నది మగది. రొమ్ము పైభాగం నల్లగా ఉండి, దాని మీద ముందు నుంచి వెనుకకు రెండు సన్నని ఆకుపచ్చ చారలున్నాయి. పక్కలు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. మనం తోక అని పిలిచేది నిజానికి దాని ఉదరం. అది పది ఖండాలుగా ఉంటుంది. మగదానిలో ఉదరం పైవైపు నల్లగా ఉండి, ఏడో ఖండం నుంచి చివరి వరకు ఇటుక ఎరుపు పరచుకుంటుంది. ఉదరం పొడవు 16 నుంచి 17 మిల్లీమీటర్లు, వెనుక రెక్క పొడవు 10 మిల్లీమీటర్ల లోపు. రెండో ఫోటోలోని ఎర్రటిది ఇంకా లేత వయసులో ఉన్న ఆడది. మూడోది కూడా ఆడదే, కాని పరిపక్వత వచ్చినది. ఆడవాటిలో ఎర్రటి రూపం, ఆకుపచ్చ రూపం రెండూ ఉంటాయి. ఎరుపు సాధారణంగా లేత వయసుకు గుర్తు. మూడో ఫోటోను కొంచెం పెద్దది చేసి చూడండి. ఉదరం చివర మగదానిలో కంటే లావుగా ఉండి, అడుగువైపు గుడ్లు పెట్టే అవయవం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఆడదని చెప్పడానికి రంగు కంటే ఇదే గట్టి ఆధారం.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. సీతాకోకచిలుకలను రంగును బట్టి పోల్చుకోవడం అలవాటైనవారు ఈ చిన్న తూనీగల దగ్గర తరచు పొరబడతారు. ఇక్కడ రంగు ప్రధానంగా చెప్పేది వయసునూ, ఆడా మగా అన్న తేడానూ. జాతిని చెప్పేది శరీర నిర్మాణం. ఈ మాట ఎందుకంటున్నానో మీ మొదటి ఫోటోనే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. ఆకుపచ్చ రొమ్ము, నల్లటి ఉదరం, ఇటుక రంగు చివర అన్న మూడు లక్షణాలూ పిగ్మీ తూనీగకు ఎంత సరిపోతాయో, దాని దగ్గరి చుట్టమైన ఆగ్రియోక్నెమిస్ ఫెమినా మగదానికీ ఒక వయసులో అంతే సరిపోతాయి. పరిమాణం కూడా దాదాపు అంతే. రెండూ ఒకే రకమైన గడ్డిలో, ఒకే చెరువు అంచున ఉండవచ్చు. ఫెమినా మగది ముదిరిన కొద్దీ రొమ్ము మీద తెల్లటి పొడి వంటి పూత ఏర్పడి, చారలు మాసిపోయి, సున్నం చల్లినట్టుగా కనిపిస్తుంది కనుక అప్పుడు గుర్తించడం తేలిక. ఆ పూత ఇంకా రాని మగదానిని రంగును బట్టి విడదీయడం మాత్రం సాహసమే.

అప్పుడు చూడవలసింది ఉదరం కొస. మగ తూనీగలకు అక్కడ నాలుగు చిన్న ఉపాంగాలు ఉంటాయి: పైన రెండు, కింద రెండు. జత కట్టేటప్పుడు ఆడదానిని రొమ్ము ముందు భాగం దగ్గర పటకారుతో పట్టినట్టు పట్టుకునేది వీటితోనే. పిగ్మీ తూనీగలో పై జత ఉపాంగాలు కింది జత కంటే పొడవు. ఫెమినాలో ఇది తారుమారై కింది జత స్పష్టంగా పొడవుగా ఉంటుంది. మీరు పక్క నుంచి తీసిన ఫోటోలో పై జత పొడవుగా కనిపిస్తున్నందువల్లనే నేను పిగ్మీ తూనీగ అని ధైర్యంగా రాయగలుగుతున్నాను. ఆడవాటి విషయంలో అంత ధైర్యం చేయను. వాటిలో తల వెనుక ఉండే రొమ్ము మొదటి ఖండం అంచు ఆకారాన్ని భూతద్దంతో చూడవలసి ఉంటుంది. మీ రెండు, మూడు ఫోటోలలో అది రెక్కల నీడలో పడింది. ఒకే చోట, ఒకే రోజు, ఆ మగవాటి మధ్యనే కనిపించాయన్న మీ మాటను బట్టి వాటిని ఈ జాతి కిందనే చేర్చాను.

ఈ ఉపాంగాల గొడవ నిపుణుల చాదస్తమని అనుకోవద్దు. 2014లో మన పొరుగున ఉన్న ఒడిశా నుంచి ఈ ప్రజాతికే చెందిన ఒక కొత్త జాతిని శాస్త్రజ్ఞులు ప్రకటించి, దానికి ఆగ్రియోక్నెమిస్ కళింగ అని పేరు పెట్టారు. ఒకప్పుడు కళింగంలో భాగమైన ఈ ఉత్తరాంధ్ర తీరంలోని గెడ్డల వెంట, చిత్తడి నేలల అంచున తిరిగే పాఠకులు "ఆకుపచ్చది, చిన్నది, కాబట్టి పిగ్మీ" అని రాసుకుని ముందుకు సాగిపోకుండా ఉండడానికి ఈ ఒక్క కారణం చాలు.

తోక కొసన నీలం కనిపిస్తే మాత్రం వెదుకులాట వేరే దారి పడుతుంది. ఉదరం నల్లగా ఉండి ఎనిమిదో ఖండం దగ్గర నీలం మెరిస్తే అది ఇష్నూరా సెనెగలెన్సిస్ మగది కావచ్చు. ఉదరం పసుపు పచ్చగా ఉండి చివర నీలం ఉంటే ఇష్నూరా రుబిలియో మగది కావచ్చు. ఈ రెండూ మన చెరువులలో సాధారణమే, పిగ్మీ తూనీగ కంటే కొంచెం పెద్దవి. తెలుపు ఎక్కువగా ఉన్న మగది కనిపిస్తే అది ఫెమినాలో ముదురుది కావచ్చు, ఆగ్రియోక్నెమిస్ పియరిస్ అనే మరో చిన్న జాతి కావచ్చు. పసుపు పచ్చటి ఉదరంతో, దీనికంటే ఇంచుమించు రెట్టింపు పొడవుతో కనిపించే సెరియాగ్రియాన్ కోరమాండెలియానం అనేది వేరు. మన కోరమాండల్ తీరం పేరు మోసే ఆ తూనీగను ఒకసారి చూసినవారు పిగ్మీతో పొరబడరు.

ఇకపై ఫోటో తీసేటప్పుడు ఒక్క నియమం పాటించండి: కెమెరా పురుగు శరీరానికి సమాంతరంగా, పక్క నుంచి ఉండాలి. పై నుంచి తీస్తే అందంగా వస్తుంది గాని ఉపాంగాలు ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. ఎండ ముదరక ముందు ఇవి మందకొడిగా ఉంటాయి; అప్పుడు ఫోనుకు తగిలించే చిన్న మాక్రో లెన్సుతో కూడా ఉపాంగాలు తెలిసేలా తీయవచ్చు. పట్టుకోవలసిన పని లేదు. రెండు వేళ్ల మధ్య నలిగితే దీనికి కోలుకునే శక్తి ఉండదు. కంబాలకొండ వంటి అభయారణ్యంలోనైతే అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టకూడదన్నది చట్టం కూడా.

ప్రశ్న: మాది పెందుర్తి దగ్గర పల్లె. వరి మడిలో నాట్లు వేసిన కొద్ది రోజులకే దుబ్బుల మధ్య సన్నటి ఆకుపచ్చ తూనీగలు చాలా కనిపిస్తాయి. ఇవి దోమను తింటాయని మా పెద్దలు అంటారు. నిజమేనా? మందుల దుకాణంలో మాత్రం ముందు జాగ్రత్తగా ఒకసారి పిచికారీ చేయమంటున్నారు.
– ఒక రైతు పాఠకుడు

జవాబు: మీ పెద్దల మాట నిజమే. మీరు చూసినవి ఈ పిగ్మీ తూనీగలు గాని, పై జవాబులో చెప్పిన ఫెమినా గాని కావచ్చు. మడిలో రెండూ ఒకే పని చేస్తాయి. వరికి మేలుచేసే వేటాడే పురుగులలో ఈ రెండింటినీ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఎప్పుడో చేర్చింది. పెద్ద తూనీగలు మడి పైన ఎత్తులో ఎగురుతూ ఎగిరే పురుగులను పడతాయి. ఇవి అలా కాదు. దుబ్బు మొదళ్ల దగ్గర, నీటికి జానెడు, మూరెడు ఎత్తులో నెమ్మదిగా ఎగురుతూ, ఆకు మీద, కాడ మీద వాలి ఉన్న, వరి రసం పీల్చే సుడిదోమనూ పచ్చదోమనూ ఏరుకు తింటాయి. సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లోనే కదా! సాలీళ్లు, మిరిడ్ నల్లులనే చిన్న వేటాడే పురుగులు, ఇవీ కలిసి పనిచేస్తేనే లాభం. తూనీగలు ఉన్నాయి కనుక దోమపోటు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి; దోమ ఉధృతంగా ఉన్నప్పుడు ఈ చిన్న ప్రాణి ఆకలి దానికి చాలదు.

ముందు జాగ్రత్త పిచికారీ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: దోమ కనిపించక ముందే మందు కొట్టడం వృథా ఖర్చే కాక హాని కూడా. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడిన మడులలో సుడిదోమ తగ్గకపోగా మరింత విజృంభించిన అనుభవం ఆసియాలోని పలు వరి దేశాలకు ఉంది. అందుకు ఒక కారణం, ఆ మందులు దోమను తినే ప్రాణులను ముందుగా చంపడం. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. వారానికి ఒకసారి దుబ్బులను తట్టి నీటిపై పడే దోమను లెక్కచూసుకోండి. వ్యవసాయాధికారి చెప్పిన స్థాయిని దాటినప్పుడే మందు ఆలోచించండి.

దోమ పెరిగినప్పుడు మడిలో నీరు తీసి ఆరబెట్టమని చెప్పే సలహా ఈ తూనీగల పిల్లలకు ప్రాణాంతకమే, ఎందుకంటే నీరు లేకపోతే అవి బ్రతకవు. అయినా ఆ సలహాను పాటించవలసిందే; పంట ముందు. గట్టు పక్కన బోదెలోనో, కాలువ మలుపులోనో కాస్త నీరు, కాస్త గడ్డి మిగిలితే చాలు, మళ్లీ నీరు పెట్టిన తరువాత అక్కడి నుంచే ఇవి మడిలోకి వస్తాయి.

ప్రశ్న: భీమిలి దగ్గర గోస్తనీ నది ఒడ్డున ఒక సన్నటి తూనీగను ఫోటో తీశాను. దాని రొమ్ము అడుగున ఎర్రటి చిన్న పూసలు వరుసగా అంటుకుని ఉన్నాయి. అవి దాని గుడ్లా?
– ఒక ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

జవాబు: గుడ్లు కావు. తూనీగ గుడ్లను ఒంటి మీద మోయదు. ఈ సన్న తూనీగల ఆడవి నీటిలోని మొక్క కాడను తమ అవయవంతో చీల్చి, లోపల ఒక్కొక్క గుడ్డునూ దూరుస్తాయి. మీరు చూసిన పూసలు నీటి నల్లుల పిల్లలు; సాలీళ్లకు బంధువులు. తూనీగ ఇంకా నీటిలో ఉన్నప్పుడే అవి దానిని పట్టుకుని కాచుకుని ఉంటాయి. అది కుబుసం విడిచే క్షణంలో పాత చర్మం మీద నుంచి కొత్త ఒంటి మీదికి మారి, మెత్తటి చోట నోరు గుచ్చి ద్రవం పీలుస్తూ ఉబ్బుతాయి. తూనీగ మళ్లీ జతకో గుడ్లకో నీటి దగ్గరకు వచ్చినప్పుడు జారి నీటిలో పడి తమ బ్రతుకు కొనసాగిస్తాయి. నాలుగైదు ఉన్నంత మాత్రాన తూనీగ చావదు; ఎక్కువైతే నీరసిస్తుంది. తరగతిలో పిల్లలకు చూపించదగిన ఫోటో అది. పూసలు ఉన్న తూనీగ నీటికి తిరిగి వచ్చిందా లేదా అన్న ప్రశ్నను కూడా, పూసలు రాలిపోయిన చోట మిగిలే మచ్చలను బట్టి పరిశోధకులు తేల్చుకుంటారు.

ప్రశ్న: రెక్కలు మూసుకుని వాలితే సన్న తూనీగ, పరచుకుని వాలితే పెద్ద తూనీగ అనుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: చాలావరకు అనుకోవచ్చు, కాని లెస్టిస్ వంటి కొన్ని సన్న తూనీగలు రెక్కలను సగం తెరిచే వాలతాయి. కళ్లు చూడండి. సన్న తూనీగలలో రెండు కళ్లూ తలకు చెరో కొసన విడివిడిగా ఉంటాయి. పెద్ద తూనీగలలో చాలావాటికి అవి నెత్తి మీద కలిసిపోతాయి.

ప్రశ్న: మధురవాడలో మా కాలనీ పక్కన చిన్న కుంట ఉంది. దోమల బెడద వల్ల అంచున ఉన్న తుంగ, గడ్డి మొత్తం తీసివేసి, చుట్టూ రాతి కట్టడం కట్టించి, గంబూషియా చేపలను వదలాలని మా సంక్షేమ సంఘం అనుకుంటోంది. మీరు రాసిన తూనీగలు మా కుంటలోనూ ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ సంఘం ఉద్దేశం మంచిదే, పద్ధతి మాత్రం మార్చుకోవాలి. నిట్టనిలువు రాతి గోడ కట్టిన కుంటలో ఈ చిన్న తూనీగకు చోటు ఉండదు: గుడ్లు దూర్చడానికి కాడ ఉండదు, పిల్ల నీటి నుంచి ఎక్కి కుబుసం విడవడానికి పరక ఉండదు, ఎగిరేది వాలడానికి గడ్డి ఉండదు. ఇది ఎత్తుగా ఎగరదు కనుక గోడ అవతలికి పోయి బ్రతుకుతుందిలే అనుకోవడానికీ లేదు. గంబూషియా చేప దోమ పిల్లలను తింటుంది, నిజమే. కాని అది ఉత్తర అమెరికా నుంచి తెచ్చి వదిలిన చేప, దోమ పిల్లలతో పాటు తూనీగ పిల్లలను, కప్ప గుడ్లను కూడా వదలదు. ఇప్పటికే చిన్న చేపలు ఉన్న కుంటలో దానిని కొత్తగా తెచ్చి వేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఇక దోమల విషయం. తూనీగలను కాపాడితే దోమలు పోతాయని నేను చెప్పను. పిగ్మీ తూనీగ పిల్ల నీటిలో దోమ పిల్లలను తింటుంది, ఎగిరేది చిన్న ఈగలను, దోమలను పడుతుంది. కాని ఇళ్లలో డెంగ్యూను మోసే దోమ పుట్టేది మీ కుంటలో కాదు, డాబా మీది ట్యాంకు మూతలోనూ, పూలకుండీ పళ్లెంలోనూ, పాత టైరులోనూ. క్యూలెక్స్ దోమ పెరిగేది మురుగు కలిసిన నీటిలో. కనుక కుంటలోకి ఏదైనా మురుగు కాలువ కలుస్తుంటే సంఘం సొమ్ము ముందు దానిని మళ్లించడానికి ఖర్చు చేయడం న్యాయం. గుర్రపు డెక్క కమ్ముకుని ఉంటే దానిని నిస్సంకోచంగా తీయించండి. అది నీటిని కప్పేస్తే ఈ తూనీగలకూ మేలు లేదు, మనుషులకూ లేదు.

తుంగ, గరిక మాత్రం వేరే లెక్క. నడిచే దారి వైపు అంచును శుభ్రం చేసి, మిగిలిన వైపుల కనీసం రెండు మూడు అడుగుల వెడల్పున గడ్డిని అలాగే ఉంచండి. కోయక తప్పకపోతే అంతా ఒకేసారి కోయకుండా, ఒక వైపు కోసి, అది మళ్లీ చిగిర్చిన తరువాత రెండో వైపు మొదలుపెట్టండి. కోసిన గడ్డిని వెంటనే లారీకి ఎత్తకుండా ఒకటి రెండు రోజులు నీటి అంచునే పరచి ఉంచితే, అందులో చిక్కిన పిల్ల పురుగులలో కొన్నైనా తిరిగి నీటిలోకి జారుకుంటాయి. వాలు ఒడ్డు కోసుకుపోతోందన్న భయంతో రాయి వేయాలనుకుంటే, సిమెంటు పూయకుండా విడి రాళ్లను వాలుగా పేర్చమని మేస్త్రీకి చెప్పండి. సందులలో తుంగ మళ్లీ దానంతట అదే మొలుస్తుంది.